ఫ్యాన్ రిసోర్స్ సైట్‌లో గేమ్ స్ప్రైట్లు, మ్యూజిక్ పెట్టుకోవచ్చా? ఫెయిర్ యూజ్ ఎంతవరకు కాపాడుతుంది?

మీరు అడిగింది ఇదీ: 1990ల నాటి ఒక రోల్ ప్లేయింగ్ గేమ్ కోసం మీరూ, మీ స్నేహితులు ఇద్దరూ కలిసి రిసోర్స్ సైట్ కడుతున్నారు. అందులో మ్యాపులు, ఐటమ్‌ల పట్టికలు, గేమ్ ఫైళ్లలోంచి తీసిన స్ప్రైట్ షీట్లు (గేమ్‌లో కదిలే పాత్రల చిన్న బొమ్మలు స్ప్రైట్లు, వాటిని వరసగా పేర్చినవి షీట్లు), సౌండ్‌ట్రాక్ మొత్తం, వేరే ఫ్యాన్స్ గీసిన కస్టమ్ స్ప్రైట్లు ఉంటాయి. యాడ్స్ పెట్టరు, డబ్బు తీసుకోరు, కంపెనీకి క్రెడిట్ ఇస్తారు. ఇదంతా ఫెయిర్ యూజే కదా అని.

సూటిగా చెప్తాను. ఆ మొత్తాన్ని ఒకే మూటగా చూస్తే ఫెయిర్ యూజ్ కిందికి రాదు. మూట విప్పి ఒక్కోదాన్నీ విడిగా చూస్తే జవాబు మారుతుంది. అంకెల పట్టికలు, మీ మాటల్లో రాసిన గైడ్లు పెట్టుకోండి, వాటి గురించి నేనైతే టెన్షన్ పడను. మీ చేత్తో గీసిన మ్యాపులు కూడా ఫర్వాలేదు. స్ప్రైట్ షీట్లు కంపెనీ చూసీ చూడనట్టు ఊరుకున్నంత కాలమే ఉంటాయి. సౌండ్‌ట్రాక్ మాత్రం పెట్టకండి. కస్టమ్ స్ప్రైట్లకైతే కంపెనీ సంగతి తర్వాత, ముందు గీసినవాళ్లను అడగాలి.

నేను లాయర్‌ని కాదు. ఒక గేమ్ సిరీస్‌కి 14 ఏళ్లుగా ఫ్యాన్ ఆర్కైవ్ నడుపుతున్నాను. ఈ కాలంలో ఫైళ్లు తీసేయమని రెండుసార్లు కాపీరైట్ నోటీసులు వచ్చాయి, అందులో ఒకటి పూర్తిగా నా తప్పు వల్లే. అక్కడ నేర్చుకున్నది, కేసులు చదివి తెలుసుకున్నది కలిపి చెప్తున్నాను.

ముందు ఫెయిర్ యూజ్ అంటే ఏమిటో చూద్దాం, ఎందుకంటే ఈ మాటను మనవాళ్లు తాయెత్తులా వాడతారు. అది అమెరికా చట్టంలోని మాట, 1976 కాపీరైట్ చట్టం సెక్షన్ 107: కొన్ని సందర్భాల్లో యజమాని అనుమతి లేకుండానే కృతిని వాడుకోనిచ్చే మినహాయింపు. అందులో నాలుగు విషయాలు చూడమని ఉంది: మీరు దేనికి, ఎలా వాడారు, అసలు కృతి ఎలాంటిది, అందులోంచి ఎంత తీసుకున్నారు, మీ వాడకం వల్ల అసలు దాని మార్కెట్‌కి నష్టం ఉందా. ఈ నాలుగింటినీ కలిపి, కేసు కేసుకీ విడిగా జడ్జి తూకం వేస్తారు. ఇంత శాతం వాడితే తప్పు లేదు, ఇన్ని సెకన్లు వాడితే తప్పు లేదు అనే లెక్క చట్టంలో ఎక్కడా లేదు.

క్రెడిట్ ఇవ్వడం అన్నది ఈ నాలుగింటిలో లేదని గమనించండి. క్రెడిట్ ఇవ్వడం మర్యాద, ఇవ్వాల్సిందే. కానీ అది అనుమతికి బదులు కాదు. సైట్ అడుగున "కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశం లేదు" అని రాయడం వల్ల ఒరిగేదేమీ లేదు, పైగా ఆ సొత్తు వేరేవాళ్లదని మీకు ముందే తెలుసని మీరే రాసిచ్చినట్టు అవుతుంది. డబ్బు తీసుకోకపోవడం మొదటి అంశంలో కొంత మీ వైపు మొగ్గుతుంది, నిజమే. కానీ ఒక పాట మొత్తం ఉచితంగా పంచితే అది కొనేవాళ్లు తగ్గుతారు కాబట్టి నాలుగో అంశంలో అదే మీకు ఎదురు తిరుగుతుంది.

ఈ లెక్కన మీ స్ప్రైట్ షీట్లను చూడండి. ఒక పాత్రకి గేమ్‌లో ఉన్న ప్రతి ఫ్రేమూ ఉంటుంది, అంటే తీసుకున్నది మొత్తం. అది సృజనాత్మకమైన బొమ్మ, అంటే కాపీరైట్ గట్టిగా కాపాడే రకం. దానికి మీరు కొత్త అర్థంగానీ విమర్శగానీ చేర్చలేదు, ఉన్నది ఉన్నట్టు వరసగా పేర్చారు. పేర్చడానికి పట్టే శ్రమ నాకు తెలుసు, ఒక్కో బాస్ (లెవెల్ చివర వచ్చే పెద్ద శత్రువు) షీట్‌కి రాత్రిళ్లు కూర్చున్నాను. కానీ మనం ఎంత కష్టపడ్డామన్నది ఆ తూకంలోకి రాదు. 2023లో ఆండీ వార్‌హోల్ ఫౌండేషన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత, "మేం దీన్ని మార్చాం, కొత్త రూపం ఇచ్చాం" అనే వాదన కూడా ముందున్నంత బలంగా లేదు. అసలు కృతి ఏ పనికి వాడతారో మీరూ అదే పనికి వాడితే, మార్చామన్న మాట ఒక్కటే నిలబడదు.

అదే స్ప్రైట్‌లో నాలుగు ఫ్రేములు తీసుకుని, "తక్కువ మెమరీలో నడక కదలికను ఎలా చూపించారు" అని వ్యాసం రాసి మధ్యలో బొమ్మగా పెట్టారనుకోండి. అక్కడ మీరు చాలా మంచి స్థితిలో ఉంటారు. బొమ్మ అదే, వాడిన తీరు వేరు. మీ సైట్‌కి నేనిచ్చే మొదటి సలహా ఇదే: బొమ్మ కోసం పేజీ పెట్టకండి, మీరు చెప్పే విషయం కోసం బొమ్మ పెట్టండి.

ఇంకో సంగతి. ఫెయిర్ యూజ్ ప్రపంచమంతా లేదు. భారత చట్టంలో ఉన్నది ఫెయిర్ డీలింగ్, 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 కింద. సొంత వాడకం, పరిశోధన, విమర్శ, సమీక్ష, వార్తలు, ఇలా చట్టం పేరు పెట్టి చెప్పిన అవసరాలకే అది వర్తిస్తుంది. బ్రిటన్, కెనడాల్లో ఉన్నవి కూడా ఫెయిర్ డీలింగ్ పద్ధతులే. జపాన్ చట్టంలో అమెరికా తరహా సాధారణ ఫెయిర్ యూజ్ అసలు లేదు, ఉల్లేఖన లాంటి కొన్ని విడి మినహాయింపులే ఉన్నాయి. మనం ప్రేమించే పాత గేముల్లో చాలా జపాన్ కంపెనీలవే కదా, అందుకే ఇది గుర్తుంచుకోమంటున్నాను. ఆచరణలో మీ సైట్ ఏ దేశం సర్వర్ మీద ఉంటే ఆ దేశపు నోటీసు పద్ధతే ముందు మీకు తగులుతుంది.

ఇక పట్టికలు. కత్తి దెబ్బకి 42 పాయింట్లు, ఫలానా శత్రువుకి 300 ప్రాణం, ఈ పెట్టెలో ఈ మందు ఉంటుంది, ఇలాంటివి విడి సమాచారం. వాస్తవాలకు కాపీరైట్ ఉండదని 1991లో ఫీస్ట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అది టెలిఫోన్ డైరెక్టరీ మీద వచ్చిన తగాదా. డైరెక్టరీ తయారుచేయడానికి శ్రమ పడ్డారన్నంత మాత్రాన అందులోని పేర్లూ నంబర్లూ ఎవరి సొత్తూ కావని తేల్చారు.

ఇక్కడ ఒక గోతి ఉంది, చాలామంది అందులో పడతారు. డామేజ్ అంకె వేరు, ఆ కత్తి కింద గేమ్‌లో రాసి ఉన్న మూడు వాక్యాల వర్ణన వేరు. ఆ వర్ణన ఒక రచయిత రాసిన రచన. అలాగే కల్పిత ప్రపంచంలోని "వాస్తవాలు" నిజమైన వాస్తవాలు కావని కోర్టులు అన్నాయి. 1998లో కాసిల్ రాక్ కేసులో ఒక టీవీ సిరీస్ మీద వేసిన క్విజ్ పుస్తకం ఈ కారణంగానే ఓడిపోయింది. ఆ పాత్ర ఏ రోజు ఏం చేసింది అన్నది ఎవరో ఊహించి రాసిందే కాబట్టి, ఆ సంగతులన్నీ పోగేయడమంటే రచనని పోగేయడమే అన్నారు.

మన పనికి బాగా దగ్గరగా ఉన్నది 2008 నాటి హ్యారీ పాటర్ లెక్సికన్ కేసు. ఒక ఫ్యాన్ ఏళ్ల తరబడి ఉచితంగా నడిపిన సైట్‌ని పుస్తకంగా వేయబోతే రచయిత్రి, వార్నర్ బ్రదర్స్ కోర్టుకెళ్లారు. జడ్జి రెండు మాటలన్నారు. ఒక కల్పిత ప్రపంచానికి రిఫరెన్స్ పుస్తకం రాయడం దానికదే తప్పు కాదు, ఆ పనికి విలువ ఉంది. కానీ ఈ పుస్తకం ఆ పనికి అవసరమైనదానికన్నా ఎక్కువగా అసలు వాక్యాలను ఎత్తి రాసింది, అందుకని ఫెయిర్ యూజ్ కాదు. తర్వాత సరిచేసి రాసిన పుస్తకం 2009లో బయటికొచ్చింది. ఈ తీర్పు చదివాక మా ఆర్కైవ్‌లో ఐటమ్ వర్ణనలన్నీ తీసేసి మా మాటల్లో ఒక్కో లైన్ రాసుకున్నాం. దాదాపు ఎనిమిది నెలలు పట్టింది. రాసేటప్పుడు ప్రతి ఐటమ్‌నీ గేమ్‌లో మళ్లీ వాడి చూడాల్సి వచ్చింది, దాంతో అప్పటిదాకా పట్టికల్లో ఉన్న తప్పులు బోలెడు బయటపడ్డాయి. ఇప్పుడు మా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువమంది ఆ లైన్ల కోసమే వస్తారు.

మ్యాపుల దగ్గర తేడా ఇంతే. స్క్రీన్‌షాట్లు ఒకదానికొకటి అతికించి గేమ్ టైల్స్‌తో (నేల, గోడ లాంటి చిన్న చదరపు బొమ్మలతో) కట్టిన పెద్ద మ్యాప్ అంటే అది గేమ్ ఆర్ట్ కాపీయే. అదే దారులను మీరు మీ గీతలతో, మీ గుర్తులతో గీస్తే అందులో ఎక్కువ భాగం మీదవుతుంది. ఆటగాడికి ఉపయోగపడేది కూడా రెండోదే, ఎందుకంటే అక్కర్లేని చెట్లూ రాళ్లూ తీసేసి తలుపు, తాళంచెవి, దారి మాత్రం చూపిస్తారు.

మీరు తర్వాత లెవెల్ ఎడిటర్, ప్యాచ్‌లు (గేమ్‌ని మార్చే చిన్న ఫైళ్లు) కూడా పెడతామన్నారు కాబట్టి రెండు పాత కేసులు చెప్పాలి. 1992లో గాలూబ్ కేసులో, గేమ్ నడుస్తుండగా కొన్ని విలువలు మార్చే గేమ్ జీనీ పరికరం కాపీరైట్ ఉల్లంఘన కాదని కోర్టు అంది. అది విని అందరూ సంబరపడ్డారు. 1998లో మైక్రో స్టార్ కేసు వచ్చింది. డ్యూక్ న్యూకెమ్ 3డీకి ఆటగాళ్లు తయారుచేసిన 300 లెవెల్స్‌ని ఒక కంపెనీ సీడీలో పెట్టి అమ్మింది. ఆ మ్యాప్ ఫైళ్లలో గేమ్ బొమ్మ ఒక్కటీ లేదు, ఏ బొమ్మ ఎక్కడ పెట్టాలో చెప్పే సూచనలే ఉన్నాయి. అయినా అవి ఆ హీరో కథకు కొనసాగింపులే, ఆ హక్కు గేమ్ యజమానిదే అని కోర్టు తేల్చింది. లెవెల్స్ చేసుకోమని కంపెనీయే ఎడిటర్ ఇచ్చింది కదా అంటే, ఇచ్చిన అనుమతి ఉచితంగా పంచుకోవడానికే, అమ్ముకోవడానికి కాదు.

అందుకే ప్యాచ్ విషయంలో నేను పాటించేది: మార్పులు మాత్రమే ఉన్న తేడా ఫైల్ ఇస్తాను, గేమ్ రామ్ (ROM, అంటే గేమ్ మొత్తం ఉన్న కాపీ ఫైల్) ఎప్పుడూ ఇవ్వను. అసలు గేమ్ తన దగ్గర ఉన్నవాడికే ఆ ఫైల్ పనికొస్తుంది. మైక్రో స్టార్ తీర్పు ప్రకారం ఇది కూడా పూర్తి రక్షణ కాదు. కానీ కంపెనీ సొత్తు నా సర్వర్ మీద లేదు, గేమ్ అమ్మకానికి నేను అడ్డం కాలేదు అని నిజాయితీగా చెప్పగలను. ఇంకో జాగ్రత్త, కొత్త గేముల ఫైళ్లకు లాక్ ఉంటే దాన్ని ఛేదించడం అమెరికాలో డీఎంసీఏ (డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం) సెక్షన్ 1201 కింద విడిగా ఉల్లంఘనే. లోపల తీసినదాన్ని ఎంత మంచి పనికి వాడినా తాళం పగలగొట్టిన సంగతి విడిగా మీ మీద ఉంటుంది.

గేమ్ పాతది, ఇప్పుడెవరూ అమ్మడం లేదు, అబాండన్‌వేర్ కదా అని మీ స్నేహితుడు అన్నారన్నారు. ఆ మాట చట్టంలో లేదు. అమెరికా లెక్కన కంపెనీ ఉద్యోగులతో చేయించిన కృతికి ప్రచురణ నుంచి 95 ఏళ్ల కాపీరైట్ ఉంటుంది. 1995లో వచ్చిన గేమ్‌కి అది 2090 చివరిదాకా నడుస్తుంది. నాకు ఈ లెక్క చూస్తే నిజంగా బాధేస్తుంది. అప్పటికి ఆ క్యాట్రిడ్జ్‌లు, డిస్కులు ఎన్ని పనిచేస్తాయి? ఆడినవాళ్లలో ఎంతమంది ఉంటారు? ఫ్యాన్స్ దాచకపోతే చాలా గేముల గురించి సమాచారం కూడా మిగలదు. చట్టం మారాలని గట్టిగా కోరుకుంటాను. మారేదాకా మాత్రం ఉన్న చట్టాన్ని ఉన్నట్టే చదవాలి, లేకపోతే మనం దాచినదే ఒక్క నోటీసుతో పోతుంది.

నాకు అలాగే పోయింది. ఆర్కైవ్ మొదలుపెట్టిన మూడో ఏడు సౌండ్‌ట్రాక్ మొత్తం ఎంపీ3లుగా పెట్టాను. మ్యాపులు, పట్టికలు, గైడ్లు, పాటలు అన్నీ ఒకే హోస్టింగ్ అకౌంట్‌లో ఉండేవి. పాటల మీద నోటీసు వచ్చింది. హోస్టింగ్ కంపెనీవాళ్లు పాటల ఫోల్డర్ ఒక్కటే తీసేయలేదు, అకౌంట్ మొత్తం ఆపేశారు. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, పదకొండు పాటల కోసం మూడేళ్ల పని కనిపించకుండా పోయింది. నా దగ్గరున్న బ్యాకప్ నాలుగు నెలల పాతది. ఆ నాలుగు నెలల్లో ఇద్దరు కుర్రాళ్లు కూర్చుని కొలిచిన డ్రాప్ రేట్లు (శత్రువుని ఓడిస్తే ఏ వస్తువు ఎంత తరచుగా దొరుకుతుందనే లెక్కలు) మళ్లీ దొరకలేదు. వాళ్లకు ఆ మాట చెప్పడం కన్నా కష్టమైన పని ఈ 14 ఏళ్లలో నాకు ఎదురవలేదు.

అప్పటినుంచి మనది, వాళ్లది ఒకే చోట ఉంచను. సొంత రాతలు, అంకెలు, మ్యాపులు ఒక అకౌంట్‌లో, గేమ్ బొమ్మలు ఏమైనా ఉంటే వేరే సర్వర్‌లో. బొమ్మల సర్వర్ రేపు పోయినా పేజీలు చదవడానికి వీలుగా రాస్తాం. సైట్ కట్టకముందే ఈ పని చేయండి, కట్టాక విడదీయడం నరకం.

ఇక అనుమతులు. ఫెయిర్ యూజ్ గురించి వాదించుకునే ముందు ఆ కంపెనీకి ఫ్యాన్ కంటెంట్ విధానం ఉందేమో చూడండి, చాలావాటికి ఉంది. పూర్తిగా చదవండి, ఎందుకంటే అసలు విషయం వివరాల్లో ఉంటుంది. మైక్రోసాఫ్ట్ గేమ్ కంటెంట్ నియమాలు స్క్రీన్‌షాట్లు, వీడియోలు, ఫ్యాన్ కథలు డబ్బు ఆశించకుండా చేసుకోనిస్తాయి. కానీ గేమ్‌ని రివర్స్ ఇంజినీరింగ్ చేసి లోపలి ఆస్తులను బయటికి తీయొద్దని అవే నియమాలు చెప్తాయి. అంటే స్క్రీన్‌షాట్ తీసుకుంటే సరే, ఫైల్లోంచి లాగితే కాదు. నింటెండో 2018లో పెట్టిన మార్గదర్శకాలు వీడియోలకూ చిత్రాలకూ సంబంధించినవి. మీ సొంత సృజన గానీ వ్యాఖ్యానం గానీ ఉండాలని, ఉన్నదున్నట్టు ఎక్కిస్తే కుదరదని అందులో స్పష్టంగా ఉంది.

విధానం లేని కంపెనీల దగ్గరే అసలు చిక్కు. మౌనం అర్ధాంగీకారం అంటారు, కాపీరైట్‌లో మాత్రం ఆ మాట చెల్లదు. పదేళ్లు ఊరుకుని పదకొండో ఏడు అడిగే హక్కు వాళ్లకుంటుంది. 2016 ఆగస్టులో మెట్రాయిడ్ 2కి ఒక ఫ్యాన్ రీమేక్ ఏళ్ల శ్రమ తర్వాత విడుదలైంది, కొద్ది రోజుల్లోనే నోటీసులతో లింకులన్నీ పోయాయి. అదే సెగా 2017లో సోనిక్ మేనియాని ఫ్యాన్ గేముల నుంచి ఎదిగినవాళ్ల చేతనే చేయించి అమ్మింది. చట్టం రెండు చోట్లా ఒకటే, యజమాని మనసే వేరు. ఇంకో కంపెనీ ఊరుకుంది కదా అని మీ కంపెనీ కూడా ఊరుకుంటుందని అనుకోకండి.

చిన్న డెవలపర్లయితే నేరుగా రాయండి. ఒక ఇద్దరు మనుషుల స్టూడియోకి నేను మెయిల్ పెడితే మూడో రోజు జవాబొచ్చింది. ఆఖరి బాస్ స్ప్రైట్లు తప్ప అన్నీ పెట్టుకోండి, ఆశ్చర్యం పాడవకూడదు అన్నారు. పెట్టలేదు. మరుసటి ఏడు వాళ్లే తమ కాన్సెప్ట్ స్కెచ్‌లు కొన్ని పంపారు.

ఇప్పుడు కస్టమ్ స్ప్రైట్లు. మీ ప్రశ్నలో ఒక్క వాక్యంలో దాటేశారు, నాకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఫ్యాన్ సున్నా నుంచి గీసిన సొంత పాత్ర పూర్తిగా ఆ ఫ్యాన్‌దే, నెట్‌లో దొరికింది కాబట్టి అందరిదీ కాదు. గేమ్ స్ప్రైట్‌కి రంగులు మార్చి చేసినవాటికి చట్టపరమైన హక్కు బలహీనం, ఎందుకంటే అనుమతి లేని డెరివేటివ్‌కి (వేరే కృతి ఆధారంగా చేసినదానికి) చట్టం రక్షణ ఇవ్వకపోవచ్చు. అయినా అడగాల్సిందే. ఒకసారి నేను ఒక సేకరణలో దొరికిన 60 టైల్స్, పేరు లేకుండా ఉన్నాయి కదా అని ఎక్కించాను. నాలుగు నెలలకు గీసినమ్మాయి రాసింది. కోపంగా రాయలేదు. "ఇవి నా మొదటి టైల్స్, మీ సైట్‌లో ఉండటం సంతోషమే, కానీ పేరు లేకుండా చూసి ఏడుపొచ్చింది" అంది. ఆ రోజే ఆమె పేరు పెట్టాను, ఉంచమంటారా తీసేయమంటారా అని అడిగాను. ఉంచమంది. అప్పటినుంచి గీసినవారెవరో తెలియని ఫైల్ మా దగ్గర ఎక్కదు. ప్రతి ఫైల్ పక్కన ఎవరు గీశారు, వేరే గేముల్లో వాడుకోవచ్చా, మార్చవచ్చా, అమ్మే గేమ్‌లో పెట్టవచ్చా అనేవి వాళ్ల మాటల్లోనే రాసి ఉంచుతాం.

దీనికి తోడు లైసెన్స్ సంగతి. మీ సొంత రాతలకు క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ (ఏ షరతులతో ఇతరులు వాడుకోవచ్చో ముందే చెప్పే ఉచిత అనుమతి) ఇవ్వడం మంచిదే. కానీ "ఈ సైట్‌లోని సమస్తం" అని రాయకండి. మీవి కాని బొమ్మలకు లైసెన్స్ ఇచ్చే హక్కు మీకు లేదు, దాన్ని నమ్మి ఎవరో తమ గేమ్‌లో వాడుకుంటే ఇరుక్కునేది వాళ్లు. కంపెనీ లోగోని మీ సైట్ లోగోగా పెట్టకండి, అది ట్రేడ్‌మార్క్ తగాదా. ఇది అనధికార ఫ్యాన్ సైట్ అని పైనే కనబడేలా రాయండి.

నోటీసు వస్తే? ముందు అందులో ఏ ఫైళ్ల పేర్లున్నాయో చదవండి. అవి తీయండి, తీశామని జవాబివ్వండి, మిగతావాటి జోలికి పోకండి. అమెరికా హోస్ట్ అయితే కౌంటర్ నోటీసు (తీసేయడం పొరపాటు, తిరిగి పెట్టండి అని రాసిచ్చే జవాబు) ఇచ్చే హక్కు మీకుంది. ఇస్తే, ఫిర్యాదు చేసినవాళ్లు కోర్టుకెళ్లకపోతే 10 నుంచి 14 పనిదినాల్లో ఆ ఫైల్ తిరిగి పెట్టాలి. నోటీసు పంపేముందు ఫెయిర్ యూజ్ అవునో కాదో ఆలోచించాల్సిన బాధ్యత కంపెనీకి ఉందని 2015లో లెంజ్ కేసులో ఒక అప్పీల్ కోర్టు కూడా చెప్పింది. కానీ కౌంటర్ నోటీసు అంటే ప్రమాణం చేసి సంతకం పెట్టడం, అమెరికా కోర్టు పరిధికి ఒప్పుకోవడం. నా రెండో నోటీసు ఒక విశ్లేషణ వ్యాసంలోని స్క్రీన్‌షాట్ల మీద వచ్చింది. అక్కడ నా వైపు న్యాయం ఉందనిపించి ఒక లాయర్‌కి చూపించి కౌంటర్ ఇచ్చాను, వ్యాసం తిరిగొచ్చింది. పాటల విషయంలో అలా ఇచ్చి ఉంటే అబద్ధపు ప్రమాణం అయ్యేది.

మీ సైట్ ఫోల్డర్ల జాబితా, ఆ గేమ్ ప్రస్తుత హక్కుదారు పేరు ఇక్కడ పెట్టండి. ఏది ఎటు విడదీయాలో చూసి చెప్తాను, అనుమతి కోసం నేను పంపే మెయిల్ నమూనా కూడా ఇస్తాను. ఈలోపు సౌండ్‌ట్రాక్ ఫోల్డర్ సర్వర్ మీద ఉంటే ఇవాళే దించేయండి, బ్యాకప్ కూడా ఇవాళే తీసుకోండి.